జూబ్లీహిల్స్–ఫిల్మ్‌నగర్ పరిసర గృహాలలో కట్టెల పొయ్యి, నీళ్ల బాయిలరు: సురక్షిత నిర్వహణ

సారాంశం

వంటగ్యాసు వాడకం విస్తరించినప్పటికీ స్నానపు నీళ్లు కాచుకోవడానికి, ఎక్కువమందికి వండడానికి, చలిరాత్రులలో వెచ్చదనానికి కట్టె, బొగ్గు వినియోగం హైదరాబాదు నగరంలో పూర్తిగా అంతరించలేదు. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ పరిసరాలలో ఈ సమస్యకు రెండు ప్రత్యేక కోణాలున్నాయి. మొదటిది, సినిమా సెట్ల నిర్మాణంలో మిగిలే రంగు, జిగురు, రసాయనాలు పట్టిన చెక్క ఉచిత ఇంధనంగా పొయ్యిలోకి చేరే అవకాశం. రెండవది, కొండవాలు మీద మెట్లుమెట్లుగా ఉన్న ఇళ్లలో కిందింటి పొగ పైయింటి కిటికీలోకి చేరే నేల తీరు. కట్టెను ఎంచుకోవడం, గాలి సరఫరా, పొగ బయటికి పోయే దారి, బాయిలరు నిర్వహణ, బూడిద పారవేత అనే ఐదు అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. మంట వెలిగించిన తర్వాత తీసుకునే జాగ్రత్తలకంటె వెలిగించకముందు తీసుకునే నిర్ణయాలే ప్రమాదాన్ని ఎక్కువగా నివారిస్తాయన్నది దీని ప్రధాన ప్రతిపాదన.

ముఖ్య పదాలు: కట్టెల పొయ్యి, తేమ శాతం, కార్బన్ మోనాక్సైడ్, ప్లైవుడ్ దహనం, పొగగొట్టం, విస్తరణ విద్య

పరిచయం

గ్రానైటు బండల మధ్య 1960లలో గృహనిర్మాణ సహకార సంఘం ద్వారా రూపుదిద్దుకోవడం మొదలైన జూబ్లీహిల్స్, తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసు నుండి హైదరాబాదుకు తరలివచ్చిన దశాబ్దాలలో దాని ప్రధాన నివాసంగా మారింది. అన్నపూర్ణ, పద్మాలయ, రామానాయుడు స్టూడియోల చుట్టూ వడ్రంగులు, పెయింటర్లు, లైట్‌మెన్, వంటవాళ్లు, డ్రైవర్లు, కాపలాదారులు స్థిరపడ్డారు. బంగళాలు, అపార్టుమెంట్లు ఒకవైపు, ఇరుకు గదుల బస్తీలు మరొకవైపు ఒకే కొండమీద పెరిగాయి.

ఈ ప్రాంతంలో కట్టె నిప్పు మూడు రూపాలలో కనిపించవచ్చు. మొదటిది, ఇంటి వెనుక లేదా డాబా మీద ఉండే నీళ్ల బాయిలరు, విందుల కోసం కట్టుకునే కట్టెల ఓవెను. రెండవది, ఒక గది ఇళ్ల గడప ముందో, వసారాలోనో ఉండే పొయ్యి. మూడవది, డిసెంబరు, జనవరి రాత్రులలో కాపలాగది పక్కన వెలిగే నెగడు లేదా గదిలోపలికి చేరే కుంపటి. వసతిలో ఈ మూడింటికీ పోలిక లేకపోయినా దహన సూత్రాలు ఒకటే, ప్రమాద కారణాలు కూడా ఒకటే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఇళ్లలోని వాయు కాలుష్యం వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మరణాలు సంభవించాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ప్రారంభమైన దీపం పథకం, దేశస్థాయిలో 2016 మే 1న ప్రారంభమైన ప్రధానమంత్రి ఉజ్జ్వల యోజన వంటగ్యాసును పేదల ఇళ్లకు చేర్చాయి. అయితే గ్యాసు పొయ్యి వచ్చిన ఇంటిలో కట్టెల పొయ్యి తప్పనిసరిగా మాయం కాదు. సిలిండరును వంటకు పొదుపుగా వాడుకొని, నీళ్లు కాచడానికి కట్టెను ఆశ్రయించడం గృహిణి లెక్క ప్రకారం సమంజసమే. అందువల్ల గ్యాసు వాడమని చెప్పి ఊరుకోవడంతో విస్తరణ శాస్త్రవేత్త బాధ్యత తీరదు. నిప్పు ఉన్నంతకాలం అది ప్రాణం తీయకుండా చూడడం కూడా ఆ బాధ్యతలో భాగమే.

హైదరాబాదులో రూపొందిన పొగలేని పొయ్యి

ఈ అంశంలో హైదరాబాదుకు సొంత చరిత్ర ఉంది. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో డాక్టర్ ఎస్.పి. రాజు పొగగొట్టంతో కూడిన మట్టి పొయ్యిని రూపొందించారు. దానిని వివరిస్తూ ఆయన రాసిన ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అనే చిన్న పుస్తకం 1953లో మద్రాసులో అచ్చయింది. పరిశోధనాలయం పేరిట ‘హెర్ల్ చూలా’గా ప్రసిద్ధి పొందిన ఈ పొయ్యి తరువాతి మెరుగైన పొయ్యిలకు మార్గదర్శకాలలో ఒకటి. ఒకే మంట వేడిని ఒకటికంటె ఎక్కువ పాత్రలకు అందించి, పొగను గొట్టం ద్వారా వంటింటి బయటికి పంపడం దాని సూత్రం.

1980లలో ఆరంభమై 2002 వరకు సాగిన జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమం ఇదే ఆలోచనను దేశవ్యాప్తంగా తీసుకువెళ్లింది. అయితే పొయ్యి కట్టించడంతో పని పూర్తికాదని అనుభవం తేల్చింది. రేమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ ఒడిశాలో జరిపిన పరిశీలనలో, మెరుగైన పొయ్యి ఇచ్చిన ఇళ్లలో మొదటి ఏడాది పొగ పీల్చడం కొంత తగ్గింది. నాలుగేళ్ల వరకు గమనించగా ఆ ప్రయోజనం నిలబడలేదు. పొయ్యిలను క్రమంగా వాడకపోవడం, మరమ్మతులపై తగినంత శ్రద్ధ పెట్టకపోవడం ఇందుకు కారణాలు. ఈ కారణంగానే ఈ వ్యాసం పొయ్యి నమూనాకంటె పొయ్యి నిర్వహణకు ఎక్కువ ప్రాధాన్యం ఇస్తుంది.

కట్టె మండే క్రమం

కట్టె నేరుగా మండదు. వేడి తగలగానే మొదట అందులోని నీరు ఆవిరవుతుంది. ఉష్ణోగ్రత సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దాటిన తర్వాత చెక్కలోని పదార్థాలు విడిపోయి మండే వాయువులుగా, తారు ఆవిరులుగా వెలువడతాయి. ఈ వాయువులు మండితే కనిపించేదే జ్వాల. చివరకు మిగిలిన బొగ్గు జ్వాల లేకుండా ఎర్రగా కాలుతుంది.

వెలువడిన వాయువులకు తగిన వేడి, తగిన గాలి, కలవడానికి తగిన వ్యవధి దొరికితే అవి పూర్తిగా మండి కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరిగా మారతాయి. ఈ మూడింటిలో ఏది లోపించినా మండని తారు ఆవిరులు పొగగా, మసిగా, కార్బన్ మోనాక్సైడ్‌గా బయటికి వస్తాయి. అంటే పొగ కట్టెకు సహజగుణం కాదు, ఆ ఇంటివారు డబ్బుపెట్టి కొన్న ఇంధనంలో మండకుండా వృథాగా పోయిన భాగం. గృహిణికి ఆరోగ్యం మాటకంటె ముందు ఈ నష్టం లెక్క చెబితే విషయం సులభంగా బోధపడుతుంది.

తేమ: మొదటి నిర్ణయం

అప్పుడే కొట్టిన కట్టె బరువులో సుమారు సగం నీరు ఉండవచ్చు. చీల్చి, నీడపట్టున గాలి తగిలేలా పేర్చిన కట్టెలో అది 15 నుండి 20 శాతానికి దిగుతుంది. తేమను కొలిచే సూత్రం సరళమైనది: తొలి బరువు నుండి పూర్తిగా ఎండిన తర్వాతి బరువు తీసివేసి, వచ్చిన దానిని తొలి బరువుతో భాగించి, నూరుతో హెచ్చించాలి. 1,000 గ్రాముల ముక్క 105 డిగ్రీల ఓవెనులో బరువు స్థిరపడేదాకా ఎండి 600 గ్రాములు తూగితే తేమ 40 శాతం. మార్కెట్లో దొరికే తేమమీటర్లు సాధారణంగా పొడి బరువు ఆధారంగా శాతం చూపుతాయి. ఆ లెక్కలో ఇదే ముక్క తేమ సుమారు 67 శాతం. ఈ తేడాను విద్యార్థులు తప్పక గుర్తుంచుకోవాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. 40 లీటర్ల నీటిని 20 డిగ్రీలు వేడిచేయడానికి 800 కిలో కాలరీలు కావాలి. పూర్తిగా ఎండిన కట్టె కిలోకు 4,400 కిలో కాలరీల నికర ఉష్ణం ఇస్తుందనుకుంటే, 15 శాతం తేమ ఉన్న కట్టె సుమారు 3,650, 50 శాతం తేమ ఉన్న పచ్చికట్టె సుమారు 1,900 కిలో కాలరీలు మాత్రమే ఇస్తాయి. బాయిలరు సామర్థ్యం 25 శాతం అయితే మొదటి రకం 0.9 కిలో సరిపోతుంది, రెండవది 1.7 కిలోలు కావాలి. వాస్తవంలో పచ్చికట్టెతో మంట చల్లబడి సామర్థ్యం కూడా పడిపోతుంది కాబట్టి తేడా ఇంకా పెరుగుతుంది. కిలో ధర తక్కువని పచ్చికట్టె కొన్నవారు చివరకు ఎక్కువ ఖర్చుపెట్టి, ఎక్కువ పొగ పీలుస్తారు.

కట్టెల అడితిలో దొరికే తుమ్మ, సర్కారు తుమ్మ, సరుగుడు, జామాయిల్ వంటివి ఎండిన తర్వాత మంచి ఇంధనాలు. కొనేటప్పుడు రెండు ముక్కలను ఒకదానితో ఒకటి కొట్టి చూడాలి. ఎండినవి ఖంగుమంటాయి, పచ్చివి మొద్దుగా మోగుతాయి. చివర్లలో పగుళ్లు, సులభంగా ఊడే బెరడు ఎండుదనానికి గుర్తులు. బంగళా తోటలలో కత్తిరించిన కొమ్మలను వెంటనే వాడకుండా కనీసం ఒక వేసవి ఎండనివ్వాలి. ఆ కొమ్మలలో గన్నేరు ఉంటే వేరుచేసి పక్కన పెట్టాలి. దాని భాగాలన్నీ విషపూరితాలు, పొగ కూడా హానికరం. కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానం సమీపంలో ఉన్నా, అక్కడ రాలిన పుల్లను ఏరడం కూడా వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకి వస్తుంది కాబట్టి దానిని ఇంధన వనరుగా పరిగణించరాదు.

సెట్ చెక్క: ఉచిత ఇంధనానికి అసలు ఖరీదు

సినిమా సెట్ తాత్కాలిక నిర్మాణం. చిత్రీకరణ ముగియగానే దానిని విప్పుతారు. సరుగుడు బాదులు, వెదుళ్లు, టేకు రీపర్లు, ప్లైవుడ్, ఎం.డి.ఎఫ్. పలకలు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అచ్చులు, థర్మోకోల్, ఫైబరు, రంగు గుడ్డ, మేకులు అన్నీ కలిసి గుట్టపడతాయి. తిరిగి పనికివచ్చేవి గోదాముకు పోగా మిగిలిన ముక్కలు చూపుకు మంచి ఎండుకట్టెలే. నిజానికి అవి చాలా పొడిగా ఉండి చిటికెలో అంటుకుంటాయి. ప్రమాదం ఇక్కడే దాగి ఉంది. ఎండుకట్టె మంచిదన్న పాఠాన్ని సగం నేర్చుకున్నవారు ఈ ముక్కలనే మేలైన ఇంధనమని భావించే అవకాశం ఉంది.

ప్లైవుడ్, ఎం.డి.ఎఫ్., పార్టికల్ బోర్డులలో చెక్క పొరలను లేదా పొట్టును యూరియా–ఫార్మాల్డిహైడ్, ఫినాల్–ఫార్మాల్డిహైడ్ జిగురులతో అతికిస్తారు. తక్కువ వేడిలో ఇవి కాలినప్పుడు ఫార్మాల్డిహైడ్, నత్రజని గల జిగురు నుండి అమోనియా, హైడ్రోజన్ సైనైడ్ వంటి విషవాయువులు వెలువడతాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఫార్మాల్డిహైడ్‌ను మానవులలో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. పి.వి.సి. పొర అతికిన పలక కాలితే హైడ్రోజన్ క్లోరైడ్‌తోపాటు డయాక్సిన్లు ఏర్పడతాయి. చెదలు పట్టకుండా రాగి–క్రోమియం–ఆర్సెనిక్ మందు ఎక్కించిన చెక్క కాలితే ఆర్సెనిక్ కొంత పొగలోకి, మిగిలినది బూడిదలోకి చేరుతుంది. గృహాలంకరణ రంగులలో సీసాన్ని 90 పి.పి.ఎం.కు పరిమితం చేస్తూ 2016లో కేంద్రం నియమావళి తెచ్చింది. అంతకుముందు రంగు వేసిన పాత తలుపులు, చట్రాలలో సీసం అంతకంటె ఎన్నో రెట్లు ఉండవచ్చు. పిల్లల మెదడు ఎదుగుదలకు సీసం చేసే హాని తిరిగి సరిదిద్దలేనిది.

గృహ పొయ్యి ఉష్ణోగ్రత ఈ రసాయనాలను పూర్తిగా ధ్వంసం చేయలేదు. పరిశ్రమల దహన యంత్రాలలో అధిక ఉష్ణోగ్రత, తగిన నిలుపు వ్యవధి, పొగశుద్ధి ఉంటాయి. ఇంటి పొయ్యిలో ఈ మూడూ ఉండవు. కాబట్టి ‘కొద్దిగా వేస్తే ఏమవుతుంది’ అన్న ప్రశ్నకు సమాధానం స్పష్టం: ఆ కొద్ది భాగం కూడా ఊదుగొట్టం పట్టుకున్న మనిషి ముఖానికి రెండడుగుల దూరంలోనే వెలువడుతుంది.

వేరుచేసే పద్ధతి సులభం. అంచున పొరలు కనిపిస్తే ప్లైవుడ్, పిండి గట్టిపడినట్లుంటే ఎం.డి.ఎఫ్., చిన్నచిన్న చెక్కతునకలు అతికినట్లుంటే పార్టికల్ బోర్డు. రంగు, వార్నిషు, మెరుపు పొర, ఆకుపచ్చని రసాయనపు చాయ, ఘాటైన వాసన వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పొయ్యిలో వేయరాదు. రంగు అంటని సరుగుడు బాదులు, రీపర్లు నిరభ్యంతరంగా వాడవచ్చు. వెదురును మాత్రం నిలువునా చీల్చి వేయాలి. మూసి ఉన్న కణుపుల మధ్య గాలి, ఆవిరి వ్యాకోచించి వెదురు పేలి, నిప్పురవ్వలు ఎగజిమ్ముతుంది. మేకులను పీకిన తర్వాతే కట్టెను పేర్చాలి. పనికిరాని ముక్కలను ఖాళీస్థలంలో తగలబెట్టడం కూడా పరిష్కారం కాదు. ఘనవ్యర్థాలను బహిరంగ ప్రదేశంలో కాల్చడాన్ని 2016 నాటి నియమావళి నిషేధించింది. వాటిని నగరపాలక సంస్థ నిర్మాణ వ్యర్థాల సేకరణకు అప్పగించాలి.

గాలి: రెండవ నిర్ణయం

ఒక కిలో ఎండుకట్టె పూర్తిగా మండడానికి సిద్ధాంతరీత్యా 4 నుండి 5 ఘనమీటర్ల గాలి కావాలి. ఇంటి పొయ్యిలో గాలి సమంగా కలవదు కాబట్టి దానికి రెట్టింపు అవసరమవుతుంది. నిడివి, వెడల్పు, ఎత్తు మూడేసి మీటర్లున్న గదిలో గాలి 27 ఘనమీటర్లు. అంటే కిలో కట్టె ఆ గది గాలిలో మూడోవంతును వాడుకుంటుంది. పైన పొగ పోయే దారి, కింద తాజా గాలి వచ్చే దారి రెండూ లేనిదే అటువంటి గదిలో మంట పెట్టరాదు.

అతి ప్రమాదకరమైనది మంట కాదు, మంట ఆరిన తర్వాత మిగిలే బొగ్గు. జ్వాల ఉండదు, పొగ ఉండదు, కళ్లు మండవు. అందువల్ల అది సురక్షితమని భ్రమ కలుగుతుంది. ఒక కిలో బొగ్గు కాలినప్పుడు సుమారు 200 గ్రాముల కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. రెండు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల ఎత్తు గల కాపలాగది ఘనపరిమాణం 12.5 ఘనమీటర్లు. తలుపు, కిటికీ మూసి అందులో 100 గ్రాముల బొగ్గు కాల్చితే 20 గ్రాముల కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. గాలి మారకపోతే దాని గాఢత ఘనమీటరుకు 1,600 మిల్లీగ్రాములు, అనగా సుమారు 1,400 పి.పి.ఎం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక గంటకు సూచించిన పరిమితి ఘనమీటరుకు 35 మిల్లీగ్రాములు. 800 పి.పి.ఎం. వద్దనే ముప్పావు గంటలో తలతిరుగుడు, వికారం, రెండు గంటలలోపు స్పృహ కోల్పోవడం జరుగుతాయి. గుప్పెడు బొగ్గు నిద్రపోతున్న మనిషి ప్రాణం తీయడానికి సరిపోతుందని ఈ లెక్క చూపుతుంది.

రంగు, రుచి, వాసన లేని ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌తో ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా బలంగా కలుస్తుంది. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండడం, కాళ్లలో నీరసం తొలి లక్షణాలు. వీటిని జలుబుగానో, అజీర్ణంగానో పొరబడడం సాధారణం. గదిలో ఉన్న అందరికీ ఒకేసారి తలనొప్పి రావడం, బయటికి వెళితే తగ్గడం గుర్తించదగిన సూచన. ఇంట్లో వాడే పల్స్ ఆక్సీమీటరు ఇటువంటి సందర్భంలో మోసం చేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను కూడా అది ప్రాణవాయువు పట్టినదిగానే లెక్కించి మామూలు అంకె చూపుతుంది. బాధితుని వెంటనే ఆరుబయటికి చేర్చి 108కి ఫోను చేయాలి. లోపలికి వెళ్లేవారు ముందుగా తలుపులు బార్లా తెరవాలి.

చలికి కాపలాదారు కుంపటిని గదిలోకి తెచ్చుకోవడం అతని అజ్ఞానం వల్ల మాత్రమే జరగదు. కప్పుకోవడానికి తగిన దుప్పటి, గాలి చొరబడని తలుపు లేకపోవడం దానికి కారణం. కంబళి, ఉన్ని టోపీ ఇవ్వడం, వీలైతే విద్యుత్ హీటరు ఏర్పాటు చేయడం యజమాని లేదా అపార్టుమెంటు సంఘం బాధ్యత. నెగడు వేయవలసి వస్తే అది ఆరుబయట మాత్రమే ఉండాలి, నిద్రకు ముందు నీళ్లతో పూర్తిగా ఆర్పాలి.

పొగగొట్టం, కొండవాలు: మూడవ నిర్ణయం

వేడి పొగ చుట్టూ ఉన్న గాలికంటె తేలికై పైకి లేస్తుంది. గొట్టం ఎంత ఎత్తుగా, ఎంత నిటారుగా, ఎంత వెచ్చగా ఉంటే లాగుడు అంత బలంగా ఉంటుంది. అడ్డంగా సాగే గొట్టం, ఎక్కువ వంపులు లాగుడును తగ్గిస్తాయి. గొట్టం చివర పిట్టగోడకంటె కనీసం రెండడుగుల ఎత్తున ఉండి, వానకు టోపీ కలిగి ఉండాలి. గొట్టం పైకప్పును దాటేచోట రేకు, ఫైబరు షీటు, విద్యుత్ తీగలు, ప్లాస్టిక్ నీటిగొట్టాలు తగలకుండా ఖాళీ వదలాలి. పాత ఆస్బెస్టాస్ గొట్టాలను కోయడం, రంధ్రం చేయడం పనికిరాదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదకరం.

ఫిల్మ్‌నగర్ వంటి వాలు ప్రాంతంలో మరో అంశం గమనించాలి. కిందింటి డాబా మీది గొట్టం చివర పైవరుస ఇంటి కిటికీకి సరిసమానంగా ఉండవచ్చు. చలికాలపు తెల్లవారుజామున నేల దగ్గర చల్లగాలి, దాని పైన వెచ్చనిగాలి నిలిచి పొగను పైకి లేవనీయవు. సరిగ్గా స్నానపు నీళ్లు కాచే వేళ కూడా అదే. ఇటువంటి చోట గొట్టం ఎత్తు పెంచడం సాధ్యం కాకపోతే బాయిలరును పైయింటి కిటికీకి దూరంగా మార్చడం, ఎండుకట్టెతో చిన్న మంటగా కాచడం, ఎండెక్కిన తర్వాత కాచుకోవడం ఆచరణీయ మార్గాలు. సౌరజలతాపకం అమర్చుకోగల ఇంటికి అదే శాశ్వత పరిష్కారం.

పచ్చికట్టె పొగలోని తారు గొట్టం లోపలి గోడలపై చల్లబడి పేరుకుంటుంది. నల్లగా మెరిసే ఈ తారుమసి అంటుకుంటే గొట్టంలోనే మంట లేచి 1,000 డిగ్రీల వేడి దాటవచ్చు. నెలకొకసారి గొట్టాన్ని పరిశీలించి, మసి మందంగా ఉంటే చల్లారిన తర్వాత కుచ్చుబ్రష్షుతో దులపాలి. గొట్టంలో హోరుమనే శబ్దం వస్తే గాలిదారిని మూసి, అందరూ బయటికి వచ్చి 101కి తెలియజేయాలి. గొట్టంలోకి నీళ్లు పోయరాదు.

నీళ్ల బాయిలరు నిర్వహణ

ఇంటి బాయిలరు పీడనానికి తయారైనది కాదు. నీరు ఆవిరిగా మారితే దాని ఘనపరిమాణం సుమారు 1,600 రెట్లు పెరుగుతుంది. ఆ ఆవిరి పోయే దారి మూసుకుంటే బాయిలరు పగులుతుంది. కాబట్టి ఆవిరి రంధ్రానికి బిరడా పెట్టడం, కుళాయి బిగించడం, గుడ్డ కుక్కడం ఎన్నడూ చేయరాదు. బోరునీటి కాఠిన్యం వల్ల ఏర్పడే సున్నపు పొర ఆ రంధ్రాన్ని క్రమంగా మూసివేస్తుంది. దానిని తరచుగా పరీక్షించాలి.

పాటించవలసిన క్రమం:

1. నీరు నిండుగా ఉన్నదని చూసిన తర్వాతే నిప్పు వెలిగించాలి.
2. ఖాళీ బాయిలరు వేడెక్కిపోతే అందులో చన్నీళ్లు పోయరాదు. నిప్పు లాగివేసి తనంతట చల్లారనివ్వాలి.
3. కిరోసిను, పెట్రోలు, శానిటైజరు, పెయింటు తిన్నరు వేసి మంట రాజేయరాదు. ఎండుపుల్లలు, కొబ్బరిపీచు సరిపోతాయి.
4. బొటనవేలికంటె కొంచెం లావుగా చీల్చిన కట్టెలను కొద్దికొద్దిగా వేయాలి. పొయ్యి నోరు నిండా కుక్కితే గాలి అందదు.
5. నైలాను, పాలియెస్టరు చీరకొంగు, చున్నీ వేలాడకుండా నూలుబట్ట ధరించాలి.
6. పొయ్యి చుట్టూ మీటరు మేర కట్టెలు, బట్టలు, గ్యాసు సిలిండరు ఉండరాదు. బకెట్టు నీళ్లు లేదా ఇసుక అందుబాటులో ఉంచాలి.
7. బకెట్టులో ముందు చన్నీళ్లు, తర్వాత వేడినీళ్లు పట్టాలి. 60 డిగ్రీల నీరు దాదాపు 5 సెకన్లలోనే చర్మాన్ని తీవ్రంగా కాల్చుతుంది.

కాలిన గాయంపై 20 నిమిషాలపాటు పారే చల్లని నీరు పోయాలి. పసుపు, సిరా, టూత్‌పేస్టు పూయరాదు.

బూడిద: చివరి నిర్ణయం

పైకి చల్లారినట్లు కనిపించే బూడిదలో నిప్పుకణిక ఒకటి రెండు రోజులపాటు నిలిచి ఉండగలదు. దానిని మూతగల ఇనుప డబ్బాలోకి తీసి, గచ్చుమీద ఉంచాలి. ప్లాస్టిక్ చెత్తబుట్టలో వేయరాదు.

శుభ్రమైన కట్టె బూడిదలో కాల్షియం, పొటాషియం సమృద్ధిగా ఉంటాయి. దాని ఉదజని సూచిక సాధారణంగా 10కి పైన ఉంటుంది. ఆమ్లత్వం గల నేలలకు, కంపోస్టుకు పలుచగా చల్లితే మేలు. క్షార స్వభావం గల నల్లరేగడికి, సున్నపు నేలలకు తగదు. యూరియాతో కలిపితే అమోనియా రూపంలో నత్రజని నష్టమవుతుంది.

అయితే ఈ సలహాలన్నీ శుభ్రమైన కట్టె బూడిదకే వర్తిస్తాయి. రంగు, మందు పట్టిన చెక్క బూడిదలో సీసం, ఆర్సెనిక్, క్రోమియం గాఢమై మిగులుతాయి. దానిని డాబా తోటలోని ఆకుకూరల మడిలో చల్లినా, అంట్లు తోమినా ఆ విషం తిరిగి భోజనంలోకే వస్తుంది. పొగ ఆరిపోయిన తర్వాత కూడా ఆగని ప్రమాదం ఇది. బూడిద ఏ కట్టెదో తెలియకపోతే మొక్కలకు వాడకపోవడమే క్షేమం.

విస్తరణ కార్యకర్తలకు సూచనలు

ఈ పాఠాన్ని ఉపన్యాసంగా చెప్పడం కంటె మూడు ప్రదర్శనలుగా చూపడం ఫలప్రదం. మొదటిది, ఎండుకట్టె, పచ్చికట్టె ఒక్కొక్క కిలో తూచి, రెండు సమానమైన పొయ్యిలపై ఒకే పరిమాణంలో నీళ్లు పెట్టి, పొగను, సమయాన్ని, మిగిలిన కట్టెను పోల్చడం. రెండవది, సెట్ చెక్క గుట్టనుండి పదిముక్కలు తెచ్చి, పొయ్యికి పనికివచ్చేవి, రానివి వేరుచేయమని పాల్గొన్నవారినే అడగడం. ఈ ప్రాంతంలోని వడ్రంగులకు చెక్క రకాలు బాగా తెలుసు. వారిని శిక్షకులుగా నిలబెడితే పాఠానికి గౌరవం, నమ్మకం కలుగుతాయి. మూడవది, కాపలాగది కొలతలు తీసుకొని బొగ్గు లెక్కను అక్కడే సుద్దతో గోడపై వేసి చూపడం. దీనికి కాపలాదారులతోపాటు అపార్టుమెంటు సంఘాల ప్రతినిధులను కూడా పిలవాలి, ఎందుకంటే దుప్పటి కొనే నిర్ణయం వారిది.

నెల తర్వాత మళ్లీ వెళ్లి గొట్టం, గాలిదారి, ఆవిరి రంధ్రం పరిశీలించకపోతే శిక్షణ అసంపూర్ణం. ఒడిశా అనుభవం నేర్పిన పాఠం ఇదే.

ముగింపు

హైదరాబాదులో రూపొందిన పొగలేని పొయ్యిపై పుస్తకం వెలువడి ఏడు దశాబ్దాలు గడిచాయి. ఈలోగా ఇంధనం స్వరూపం మారింది. అప్పటి కట్టె చెట్టునుండి వచ్చింది, నేటి కట్టెలో కొంత కర్మాగారంనుండి జిగురు, రంగు, మందు తొడుక్కొని వస్తున్నది. పొగగొట్టం ఒక్కటే ఈ మార్పుకు సమాధానం కాలేదు. ఏ కట్టె వేయాలి, గాలి ఎక్కడినుండి వస్తుంది, పొగ ఎవరి కిటికీకి చేరుతుంది, బూడిద ఏ మొక్కకు పోతుంది అన్న నాలుగు ప్రశ్నలకు అగ్గిపుల్ల గీయకముందే సమాధానం తెలిసి ఉండాలి. సమాధానం తెలియనిచోట ఆ పూట నిప్పు వెలిగించకుండా ఉండడమే సురక్షిత నిర్వహణ.